కిబేరా స్కూల్లో ఆరు వారాలు: వాలంటీరుగా వచ్చే ముందు తెలుసుకోవాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జూన్, జులైలో ఆరు వారాల సెలవు, నైరోబీలోని కిబేరా బస్తీలో ఏదైనా స్కూల్లో పిల్లలకు ఇంగ్లీషు, లెక్కలు చెప్పాలని కోరిక. ఒక ఏజెన్సీ ఫీజు కట్టించుకుని స్కూలు, అనాథాశ్రమం రెండూ కలిపిన ప్యాకేజీ ఇస్తానంటోంది. వెళ్లొచ్చా, వెళ్తే నిజంగా పనికొస్తానా, పిల్లలకు ఏం పట్టుకెళ్లాలి, వీసా, భద్రత సంగతేమిటి అని అడిగారు.

తప్పకుండా రండి. కాకపోతే ఆ ప్యాకేజీలోంచి అనాథాశ్రమాన్ని పూర్తిగా తీసేయండి. క్లాసు ముందు నిలబడి పాఠం చెప్పాలన్న ఆలోచనను కూడా కాస్త పక్కన పెట్టండి. అక్కడి స్కూళ్లలో ఏడాది పొడుగునా ఉండేది స్థానిక టీచర్లు. మీరున్న ఆరు వారాల్లో ఆ టీచరు పని కొంచెం తేలికైతే, మీరు వచ్చినందుకు పిల్లలకు నిజంగా మేలు జరిగినట్టే. నేను నైరోబీలో అకౌంట్స్ ఉద్యోగం చేస్తున్నాను. చాలా ఏళ్లుగా శనివారాలు కిబేరాలో ఒక చిన్న స్కూలుకు జమాఖర్చులు చూసి పెడుతున్నాను. ఎంతోమంది వాలంటీర్లు వచ్చి వెళ్లడం చూశాను. ఆ అనుభవంతోనే ఈ మాట చెబుతున్నాను.

ముందు ఊరి సంగతి కొంచెం. కిబేరా నైరోబీ నడిబొడ్డు నుంచి నైరుతి దిక్కున, దగ్గరలోనే ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన సూడాన్ సిపాయిలను, అంటే నూబియన్లను, అక్కడ ఉండనిచ్చారు. అప్పట్లో అదంతా అడవి. తర్వాత పశ్చిమ కెన్యా నుంచి లువో, లూహ్యా వాళ్లు, తూర్పు నుంచి కాంబా వాళ్లు పని వెతుక్కుంటూ వచ్చి చేరారు. ఇప్పుడు లైనీ సాబా, సోవెటో, గట్వెకేరా, కియాండా, లిండి, మకీనా, సిలాంగా అని పేటలుగా ఉంటుంది. ఎవరైనా మీతో "పది లక్షల మంది ఉండే, ఆఫ్రికాలోకెల్లా పెద్ద మురికివాడ" అంటే నమ్మకండి. 2009 జనాభా లెక్కల్లో వచ్చింది సుమారు 1,70,000. అంకె పెంచి చెబితే విరాళాలు పెరుగుతాయని అలా చెప్పేవాళ్లున్నారు. మీరు మాట్లాడుతున్న సంస్థ వెబ్‌సైట్లో ఆ పది లక్షల మాట కనిపిస్తే, మిగతా అంకెలను కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

బస్తీ మధ్యగా రైలు పట్టాలు వెళ్తాయి. 1896 నుంచి 1901 వరకు మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా మొదటి రైలు లైను వేసిన కూలీల్లో వేలమంది మన దేశం వాళ్లే, ఎక్కువగా పంజాబ్ వైపు వాళ్లు. ఇప్పటికీ తెల్లవారుజామున ఆ పట్టాల పక్కనే వందలమంది ఇండస్ట్రియల్ ఏరియాకు నడిచిపోతుంటారు, రోజు కూలి కోసం. బస్సు డబ్బులు మిగిలితే సాయంత్రం ఇంట్లోకి కూరగాయలు వస్తాయి. వాళ్ల పిల్లలే మీరు చూడబోయే క్లాసులో కూర్చుంటారు. తల్లులు చాలామంది కిలిమానీ, లాంగటా అపార్ట్‌మెంట్లలో బట్టలుతికే పనికి పోతారు. ఏ రోజు పని దొరుకుతుందో చెప్పలేరు.

"కెన్యాలో ప్రైమరీ చదువు ఉచితమే కదా, మరి ఈ చిన్న స్కూళ్లెందుకు?" అని మీకు అనిపించొచ్చు. 2003 జనవరిలో అధ్యక్షుడు కిబాకీ ప్రభుత్వం ప్రైమరీ ఫీజులు ఎత్తేసిన మాట నిజమే. కిబేరా అంచున ఉన్న ఒలింపిక్, అయానీ, టోయ్ లాంటి ప్రభుత్వ స్కూళ్లు అప్పుడే కిక్కిరిసిపోయాయి. బస్తీలో పిల్లలు ఎక్కువ, ప్రభుత్వ స్కూళ్లు చాలా తక్కువ. పైగా యూనిఫాం అనీ, పరీక్ష కాగితాలనీ ఏదో ఒక ఖర్చు ఉంటూనే ఉంటుంది. అందుకే చర్చిలు, మహిళా సంఘాలు, చదువుకున్న ఒకరిద్దరు కలిసి పెట్టిన స్కూళ్లు పుట్టుకొచ్చాయి. 2009లో అక్కడి కుర్రాళ్లు జీపీఎస్ పట్టుకుని తిరగడంతో మొదలైన మ్యాప్ కిబేరా ప్రాజెక్టు, తర్వాత స్కూళ్లను కూడా ఒక్కొక్కటే లెక్కపెట్టింది. మూడొందలకు పైగా తేలాయి, అందులో ప్రభుత్వానివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఈ చిన్న స్కూళ్లను ప్రభుత్వం ఏపీబెట్ (ప్రత్యామ్నాయ ప్రాథమిక విద్య, శిక్షణ) స్కూళ్లంటుంది. మామూలు స్కూలుకు కావాల్సినంత స్థలం, పట్టా ఇవి చూపించలేవు. బస్తీ భూమి ఎక్కువ భాగం ప్రభుత్వానిది కావడమే దానికి కారణం. రిజిస్ట్రేషన్ లేని స్కూలు పిల్లలు జాతీయ పరీక్ష వేరే స్కూలు పేరు మీద రాస్తారు. కట్టడం కూడా ఎప్పటికీ తాత్కాలికమే. 2018 జులైలో ఎన్‌గాంగ్ రోడ్డును, లాంగటా రోడ్డును కలిపే దారి కోసం బస్తీ మధ్యలో ఇళ్లు కూల్చినప్పుడు కొన్ని స్కూళ్లు కూడా పోయాయి. ఉదయం ఉన్న స్కూలు సాయంత్రానికి రేకుల కుప్ప. అలాంటి చోట పిల్లలకు స్థిరంగా ఉండేది గోడలు కావు, రోజూ వచ్చే ఆ టీచరే. నా సమాధానమంతా టీచర్ల చుట్టూ ఎందుకు తిరుగుతోందో దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది.

ఒక క్లాసు ఎలా ఉంటుందో చెబుతాను. చెక్క ఫ్రేముకు కొట్టిన ఇనుప రేకులు, వాటిని మబాటీ అంటారు. రెండు క్లాసుల మధ్య ప్లైవుడ్ అడ్డం, అది పైకప్పు దాకా వెళ్లదు. అటు మూడో తరగతి ఎక్కాలు చదువుతుంటే ఇటు నాలుగో తరగతికి స్వాహిలీ పాఠం. కిటికీ అంటే రేకులో కోసిన చదరం. బెంచీకి ముగ్గురు కూర్చోవాల్సిన చోట ఐదుగురు. వాన మొదలైతే రేకుల మీద ఆ చప్పుడుకు టీచరు మాట ముందు బెంచీకి కూడా వినపడదు. నాకు తెలిసిన ఒక టీచరమ్మ వాన పడగానే ఏమీ మాట్లాడకుండా బోర్డు వైపు తిరిగి, ముందే సిద్ధం చేసుకున్న లెక్కలు రాయడం మొదలుపెడుతుంది. పిల్లలు కూడా ఏమీ అడగకుండా పుస్తకాలు తీస్తారు. వాన తగ్గేదాకా అందరూ చేతి సైగలతోనే. తప్పు చేసినవాడి దగ్గరకు వెళ్లి పెన్సిల్‌తో ఆ అంకె చుట్టూ గీత గీస్తుంది, సరిగా చేసినవాడి భుజం తట్టి ముందుకు పోతుంది. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చిన్న వానలు పడే ఊళ్లో ఆవిడ తనంతట తాను తయారుచేసుకున్న పద్ధతి అది.

అలాంటి క్లాసులోకి ఒక విదేశీ వాలంటీరు వచ్చి నిలబడితే ఏమవుతుందో చూడండి. పిల్లలకు పండగ. పాటలు, ఆటలు, ఫొటోలు. టీచరు వెనక బెంచీలో కూర్చుంటుంది, లేదా హెడ్ టీచర్ ఆవిణ్ణి వేరే పనికి పంపిస్తారు. వాలంటీరు ఇంగ్లీషు యాస పిల్లలకు సగమే అర్థమవుతుంది. సిలబస్ అక్కడే ఆగుతుంది. కెన్యాలో పాత 8-4-4 (ఎనిమిదేళ్లు ప్రైమరీ, నాలుగేళ్లు సెకండరీ, నాలుగేళ్లు యూనివర్సిటీ) పద్ధతి పోయి 2017 నుంచి సీబీసీ అనే నైపుణ్యాల ఆధారిత చదువు వస్తోంది. ప్రతి పిల్లవాడి పనీ రికార్డు చెయ్యాలి, ఆరో తరగతి చివర జాతీయ స్థాయి పరీక్ష ఉంటుంది. ఆరు వారాలు పోయాక వాలంటీరు వెళ్లిపోతారు, వెనకబడిన పాఠాలన్నీ ఆ టీచరు నెత్తిన పడతాయి. ఇంకోటి కూడా ఉంది, అది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. బయటినుంచి వచ్చినవాళ్లే అసలైన టీచర్లు, మా మేడమ్ మామూలు మనిషి అని పిల్లల మనసులో పడిపోతుంది. ఆ మేడమ్ జీతం ప్రభుత్వ టీచరు జీతంతో పోలిస్తే చాలా తక్కువ, అది కూడా నెలనెలా వస్తుందన్న నమ్మకం లేదు. చాలామంది సెలవుల్లో సొంత డబ్బుతో టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసుకుంటున్నవాళ్లు. వాళ్ల గౌరవం తగ్గే పని మనం చెయ్యకూడదు.

మరి మీరు ఏం చెయ్యొచ్చు? సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు కాబట్టి చాలా చెయ్యొచ్చు.

మొదటి వారం ఏ పనీ నెత్తిన వేసుకోకండి. క్లాసు వెనక కూర్చుని చూడండి, పిల్లల పుస్తకాలు దిద్దడంలో సాయం చెయ్యండి. యాభై మంది పుస్తకాలు రోజూ దిద్దడం ఒక్కరి వల్ల కాదు, అక్కడే మీ చెయ్యి వెంటనే పనికొస్తుంది. పేర్లు నేర్చుకోండి. హెడ్ టీచర్‌ని "మీకు రోజూ ఎక్కువ టైం తినే పని ఏది?" అని అడగండి. చాలాచోట్ల వచ్చే జవాబు ఫీజుల లెక్క. తల్లిదండ్రులు టర్ము ఫీజు ఒకేసారి కట్టలేరు. ఫోన్ ద్వారా డబ్బు పంపే ఎం-పెసాలో ఒకరోజు 50 షిల్లింగులు, ఇంకోరోజు 100 పంపుతారు. ఆ మెసేజీలన్నీ హెడ్ ఫోన్లో ఉంటాయి. ఆవిడ సాయంత్రం కూర్చుని ఒక గళ్ల నోటుబుక్కులో పేరు పేరుకూ ఎక్కిస్తుంది. ఆ పుస్తకం నేను శనివారాలు చూస్తుంటాను. ఒక పేజీలో ఒకే పిల్లాడి పేరు మీద పదిహేను చిన్న చిన్న మొత్తాలు ఉంటాయి, పక్కన "నాన్నకు పని దొరికాక" అన్న మాట రాసి ఉంటుంది. పొద్దున వచ్చిన డబ్బును బట్టే మధ్యాహ్నం గిథేరీ, అంటే మొక్కజొన్న గింజలు, చిక్కుడు గింజలు కలిపి ఉడికించింది, వండాలా, లేక పొద్దుటి ఉజీ జావతోనే సరిపెట్టాలా అని తేలుతుంది. ఫోన్లోనే నడిచే తేలికైన షీటు ఒకటి చేసి, ఇద్దరు టీచర్లకు అది సొంతంగా వాడడం వచ్చేదాకా పక్కన కూర్చుని నేర్పండి. గంట పని పది నిమిషాలకు వస్తుంది, ఆ మిగిలిన టైం పిల్లలకు పోతుంది. అయితే కరెంటు, ఇంటర్నెట్ లేకపోయినా నడిచేదే చెయ్యండి. మీరు వెళ్లాక ఎవరూ బాగుచెయ్యలేని యాప్ రాసి పెట్టొద్దు.

చదువు విషయంలోనే సాయం చెయ్యాలనుంటే దానికీ దారి ఉంది, అది మన దేశం నుంచి వెళ్లిందే. ప్రథమ్ సంస్థ మన దగ్గర తయారుచేసిన పద్ధతి మీరు వినే ఉంటారు: పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా, అక్షరం చదవగలరా, పదమా, పేరాగ్రాఫా, కథా అని చూసి, దాన్ని బట్టి గుంపులు చేసి రోజూ ఒకటి రెండు గంటలు ఆ స్థాయిలోనే నేర్పడం. ఇంటింటికీ వెళ్లి పిల్లలకు చదవడం వచ్చా అని చూసే అసర్ సర్వే 2005లో మన దగ్గర మొదలైంది, దాన్ని చూసే 2009లో కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో ఉవేజో సర్వే మొదలుపెట్టారు. పల్లెల్లోనూ బస్తీల్లోనూ పై తరగతుల పిల్లలు రెండో తరగతి కథ చదవలేకపోతున్నారని అక్కడా బయటపడింది. మీరు బయల్దేరే ముందు హైదరాబాద్‌లోనే ఏదైనా ప్రభుత్వ స్కూల్లో, లేదా అలాంటి క్లాసులు నడిపే సంస్థతో కొన్ని శనివారాలు పనిచేసి రండి. అది వచ్చుంటే, కిబేరాలో టీచరు మూడు గుంపులు చూస్తుంటే నాలుగో గుంపు మీరు తీసుకోగలరు. ఒక్కో పిల్లవాడు గట్టిగా చదువుతుంటే ఓపిగ్గా వినే మనిషి ఉండడమే చాలా పెద్ద సాయం. చిన్న తరగతుల పిల్లలకు ఇంగ్లీషు కంటే స్వాహిలీ బాగా వస్తుంది కాబట్టి స్వాహిలీ అచ్చులు, అంకెలు, నూరు నూట యాభై మాటలు నేర్చుకుని రండి. రాసినట్టే పలికే భాష, తెలుగువాళ్లకు నోరు తిరగడం కష్టం కాదు. పెద్ద పిల్లలు తమలో తాము మాట్లాడేది షెంగ్, అంటే స్వాహిలీ, ఇంగ్లీషు కలిసిన కుర్రకారు యాస, అది ఏడాదికోసారి మారిపోతుంటుంది, దాని గురించి టెన్షన్ పడకండి.

చదవడానికి కథలు కూడా ఉచితంగా దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లోనూ, దక్షిణాఫ్రికాలో మొదలైన ఆఫ్రికన్ స్టోరీబుక్‌లోనూ స్వాహిలీ, ఇంగ్లీషు కథలు స్థాయిలవారీగా ఉంటాయి. ప్రింటు తీసుకోవడానికి అనుమతి ఉంది. ఏ కథలు కావాలో టీచర్లనే ఎంచమని, నైరోబీలోనే ప్రింటు వేయించి, మందపాటి ప్లాస్టిక్ కవరు వేయించండి. వానకూ, వందల చేతులకూ తట్టుకోవాలి కదా.

ఇక అనాథాశ్రమం సంగతి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. కెన్యా ప్రభుత్వం 2017 నవంబర్‌లోనే కొత్త పిల్లల ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2022లో వచ్చిన జాతీయ విధానం ప్రకారం పదేళ్లలో ఆశ్రమాల్లోని పిల్లల్ని కుటుంబాల దగ్గరికి చేర్చాలి. కారణం ఏమిటంటే, ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో, అమ్మమ్మో ఎవరో ఒకరు ఉంటారు. పేదరికం వల్ల, చదువు దొరుకుతుందన్న ఆశతో అక్కడికి చేరినవాళ్లు. వాలంటీర్లు ఫీజు కట్టి వస్తుంటే, ఆశ్రమంలో పిల్లల సంఖ్య తగ్గకుండా చూసుకోవడం నడిపేవాళ్లకు లాభం అవుతుంది. ఇక పిల్లల వైపు నుంచి చూస్తే, ఆరు వారాలకోసారి ఒక అక్కో అన్నో వచ్చి ఎత్తుకుని ముద్దు చేసి మాయమైపోతారు. పరిచయం లేనివాళ్లను చూడగానే పరిగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చునే పిల్లల్ని చూసి "ఎంత ప్రేమో" అంటారు వచ్చినవాళ్లు. అలా ఎవరి దగ్గరికైనా వెళ్లిపోవడం ఆ పిల్లలకు ఎంత ప్రమాదమో ఆలోచించండి. మంచి మనసుతో వెళ్లినా సరే, ఆ పనిలో మీరు భాగం కావద్దు.

ఏజెన్సీని మీరు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నేను కట్టే ఫీజులో స్కూలుకు చేరేదెంత, రాతపూర్వకంగా ఇస్తారా? స్కూలు రిజిస్ట్రేషన్ ఏ పేరు మీద ఉంది? హెడ్ టీచర్‌తో నేను నేరుగా వీడియో కాల్ మాట్లాడొచ్చా? నా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఎప్పుడు పంపాలి? ఈ చివరి ప్రశ్నకు "అదేం అక్కర్లేదండీ" అన్నారంటే అక్కడితో ఆపేయండి. ఎవరు పడితే వాళ్లు పిల్లల దగ్గరికి వెళ్లగలిగే చోటు మంచి చోటు కాదు. నాకు తెలిసిన ఒక ఏజెన్సీ కట్టించుకున్న డబ్బులో స్కూలుకు ముట్టింది ఏమీ లేదు, వాలంటీరు మధ్యాహ్నం తిన్న భోజనం కూడా స్కూలు ఖర్చే. ఏజెన్సీ లేకుండా వచ్చే దారి ఉంది. షోఫ్కో, సీఎఫ్‌కే ఆఫ్రికా (పాత పేరు కరోలినా ఫర్ కిబేరా) లాంటి సంస్థలు 2000ల మొదటి నుంచీ అక్కడే పనిచేస్తున్నాయి, వాటిని నడిపేవాళ్లు, పనిచేసేవాళ్లు ఎక్కువమంది కిబేరావాళ్లే. పెద్ద సంస్థలు తక్కువ కాలానికి వచ్చేవాళ్లను అన్నిసార్లూ తీసుకోవు, అది తప్పు కూడా కాదు. కానీ ఏ స్కూలుకు ఏం కావాలో వాళ్లకు తెలుస్తుంది. నైరోబీలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, మందుల కంపెనీల్లో, బ్యాంకుల్లో, ఐటీలో. వాళ్లలో ఇప్పటికే ఏదో ఒక స్కూలుకు సాయం చేస్తున్నవాళ్ల ద్వారా వెళ్లడం అన్నిటికంటే మేలు. అప్పుడు మీరు వెళ్లిపోయినా తెలిసిన మనిషి ఒకరు అక్కడే ఉంటారు.

వీసా విషయంలో చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 2024 జనవరి నుంచి కెన్యాకు వీసా బదులు ఆన్‌లైన్ అనుమతి, ఈటీఏ, తీసుకోవాలి. అది చూడ్డానికి వచ్చేవాళ్లకు. జీతం లేకపోయినా వాలంటీరు పని కూడా పనే కాబట్టి, స్వల్పకాలానికైతే స్పెషల్ పాస్, ఎక్కువకాలం అయితే సేవా సంస్థల కోసం ఉన్న పర్మిట్ కావాలి. దీనికి దరఖాస్తు పెట్టాల్సింది మిమ్మల్ని పిలిచే సంస్థే. "టూరిస్టునని చెప్పి వచ్చేయండి" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దొరికితే మీకే కాదు, స్కూలుకూ ఇబ్బంది. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరిగా వేయించుకోండి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో క్వారంటైన్‌లో పెట్టే అవకాశం ఉంది. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, రోజూ అందరికీ దొరకదు కాబట్టి ముందే కనుక్కోండి.

వాతావరణం గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను: జూన్, జులైలో నైరోబీ చలిగా ఉంటుంది. ఊరు సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. పొద్దున్నే రేకుల క్లాసులో స్వెటర్ లేకుండా కూర్చోలేరు, పిల్లలు ముక్కులు కారుతూ వణుకుతుంటారు. ఆ ఎత్తు వల్లే నైరోబీలో మలేరియా తక్కువ, విక్టోరియా సరస్సు వైపో మొంబాసా వైపో వెళ్తే మాత్రం డాక్టర్ని అడిగి మందులు వాడండి.

భద్రత గురించి మీ ఇంట్లోవాళ్లు కంగారు పడుతున్నారని రాశారు. బస్తీలో పగలు, తెలిసిన మనిషితో నడిచినప్పుడు నాకు ఎప్పుడూ భయం కలగలేదు. బస మాత్రం బస్తీ బయట పెట్టుకోండి. పార్క్‌లాండ్స్ వైపు అయితే మన కిరాణా, పప్పులు, కూరలు అన్నీ దొరుకుతాయి. చీకటి పడేలోపు బయటపడండి, ఫోను చేతిలో పట్టుకుని మటాటు, అంటే అక్కడి మినీ బస్సు, కిటికీ పక్కన కూర్చోకండి. ఇంకొక ముఖ్యమైన సంగతి. 2024 జూన్ 25న పన్నుల బిల్లు మీద నిరసనకారులు పార్లమెంటులోకి దూసుకెళ్లారు, కాల్పుల్లో జనం చనిపోయారు. 2025లో అదే తేదీన, మళ్లీ జులై 7న, సాబా సాబా (స్వాహిలీలో 'ఏడు ఏడు') రోజున, గొడవలు జరిగాయి. మీరు వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ రెండు తేదీలూ బయటికి రాకండి, హెడ్ టీచర్ "రేపు రావద్దు" అంటే ఎందుకని అడక్కుండా ఇంట్లో ఉండండి. ఏ పేటలో ఏం జరగబోతోందో వాళ్లకు మనకంటే చాలా ముందు తెలుస్తుంది.

క్లాసులో కొన్ని కష్టమైన సందర్భాలు ఎదురవుతాయి. 2013 విద్యాచట్టం ప్రకారం కెన్యాలో పిల్లల్ని కొట్టడం నేరం, అయినా బెత్తం మీకు కనిపించొచ్చు. పిల్లల ముందు టీచరుతో గొడవ పెట్టుకోకండి, అదేరోజు హెడ్‌తో విడిగా మాట్లాడండి. ఏ పిల్లో ఇంట్లో తనకు జరుగుతున్న హాని గురించి మీతో చెబితే, "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకండి. స్కూల్లో పిల్లల రక్షణ చూసే టీచరుకు చెప్పండి. 116 నంబరుకు ఫోన్ ఉచితం, పిల్లల హెల్ప్‌లైన్ అది, దేశమంతా పనిచేస్తుంది. మీ అంతట మీరు ఆ ఇంటికి వెళ్లడం, డబ్బు ఇవ్వడం చెయ్యొద్దు.

ఫొటోల గురించి గట్టిగానే చెబుతున్నాను. పిల్లల మొహాలు కనిపించే ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టకండి. కెన్యాలో 2019 నుంచి డేటా రక్షణ చట్టం ఉంది, పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. 2023లో నైరోబీలో ఒక స్కూలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు పెట్టినందుకు 45 లక్షల షిల్లింగులకు పైగా జరిమానా పడింది. చట్టం ఒకటే కాదు, చిరిగిన చొక్కాతో, జావ గ్లాసుతో ఉన్న తన ఫొటో ఇంటర్నెట్లో ఉందని పెద్దయ్యాక తెలిస్తే ఆ పిల్లకు ఎలా ఉంటుంది? మన పిల్లల్ని అలా పెట్టం కదా.

పిల్లలకు ఏం తేవాలని అడిగారు. సూట్‌కేసు నిండా పెన్నులు, చాక్లెట్లు, పాత బట్టలు తేకండి. దారిలో పంచితే తోపులాట జరుగుతుంది, చిన్నవాళ్లు కింద పడతారు, మర్నాటి నుంచి ఆ దారిన వెళ్లే ప్రతి విదేశీయుణ్ణీ పిల్లలు చెయ్యి చాపి అడుగుతారు. నోటుబుక్కులు నైరోబీలోనే కొనండి. స్వెటర్లు, యూనిఫాంలు టోయ్ మార్కెట్ దగ్గర కుట్టేవాళ్ల చేత కుట్టించొచ్చు. వాళ్లను ఫుండీలంటారు, వాళ్ల పిల్లలూ ఈ స్కూళ్లలోనే చదువుతుంటారు. ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు ఉచితంగా ఇవ్వాలని 2017లో చట్టం చేశారు, కానీ అది ప్రభుత్వ స్కూళ్లకు. ఏపీబెట్ స్కూళ్లలో ఈ ఖర్చుకు దిక్కుండదు, హెడ్‌ను అడిగి లేడీ టీచరు చేతుల మీదుగానే ఇప్పించండి. మీరు ఏది ఇచ్చినా స్కూలు ద్వారా ఇవ్వండి. భోజనం విషయంలోనూ ఇలాంటి తేడానే ఉంది. 2023లో నైరోబీ కౌంటీ "డిషీ నా కౌంటీ" అని మన మధ్యాహ్న భోజనం లాంటి పథకం పెట్టింది, తల్లిదండ్రులు పూటకు 5 షిల్లింగులు కడితే చాలు, వేడి అన్నం దొరుకుతుంది. అదీ ప్రభుత్వ స్కూళ్లకే. పక్క సందులో రేకుల స్కూల్లో ఉన్న పిల్లకు అది అందదు. అందుకే విరాళం ఇవ్వాలనుకుంటే నా ఓటు ఎప్పుడూ రెండింటికే: మధ్యాహ్నం గిథేరీకి, టీచర్ల జీతానికి. గోడలకు రంగులు వేయించడానికి డబ్బు ఇచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు, జీతానికి ఇచ్చేవాళ్లు దొరకరు. మీ విమానం టికెట్ డబ్బుతో ఒక టీచరుకు ఎన్ని నెలల జీతం వస్తుందో హెడ్‌ను అడిగి చూడండి. ఆ జవాబు విన్నాక, రావడం కన్నా ఆ డబ్బు పంపడమే మేలనిపిస్తే, అది కూడా మంచి నిర్ణయమే, వెనకంజ వేసినట్టు అనుకోకండి. ఇంటి దగ్గర నుంచే నెలకు రెండు గంటలు వీడియో కాల్‌లో లెక్కల షీటు చూసి పెట్టొచ్చు, రెండున్నర గంటల తేడానే కాబట్టి మన సాయంత్రం వాళ్లకు స్కూలు వదిలే వేళ.

రావాలనే నిశ్చయించుకుంటే ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. కెన్యాలో స్కూలు ఏడాది జనవరిలో మొదలై మూడు టర్ములుగా ఉంటుంది. ఏప్రిల్, ఆగస్టు, నవంబర్, డిసెంబర్‌లలో సెలవులు. జూన్, జులై రెండో టర్ములో పడతాయి, మధ్యలో కొన్ని రోజులు హాఫ్ టర్మ్ సెలవు ఉంటుంది, ఆ తేదీలు కనుక్కుని టికెట్ కొనండి. ఏప్రిల్‌లో హెడ్‌లు చాలామంది ఊళ్లకు వెళ్లిపోతారు కాబట్టి ఫిబ్రవరి, మార్చిలోపే స్కూలుతో మాట్లాడేయాలి. మొదటి మెసేజ్‌లో మీకు వచ్చిన పనులేమిటో రాసి, ఏ వారం వస్తే వాళ్లకు వీలో అడగండి. "ఈసారి వద్దు, ఈ వయసు పిల్లలకు టీచర్లున్నారు, మాకు కావాల్సింది రికార్డులు చేసిపెట్టేవాళ్లు" అని నిక్కచ్చిగా చెప్పే హెడ్ దొరికితే, ఆ స్కూలునే ఎంచుకోండి.